ఆఫీసు సిస్టమ్స్‌లో ప్రింటర్లను ఒకేచోటి నుంచి నడపడం: ఎవరికి ఏ ప్రింటర్, ఏ సెట్టింగులు?

సిస్టమ్స్_గది (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మూడు అంతస్తుల ఆఫీసులో ఐటీ బాధ్యత ఈమధ్యే నా చేతికి వచ్చింది. దాదాపు 150 సిస్టమ్స్ ఉన్నాయి. కొన్ని విండోస్ 10, ఎక్కువ భాగం విండోస్ 11, అన్నీ యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లో (ఖాతాలు, సిస్టమ్స్ అన్నింటినీ ఒకేచోటి నుంచి నిర్వహించే విండోస్ వ్యవస్థలో) చేరినవే. ప్రింటర్లు 11. ఇంతకుముందు ఇక్కడ పనిచేసినవారు ఒక్కో సిస్టమ్ దగ్గరికీ వెళ్లి, ప్రింటర్ ఐపీ చిరునామా కొట్టి, డ్రైవర్ వేసి వచ్చేవారు. ప్రింటర్ మారితే మళ్లీ అన్ని టేబుళ్ల చుట్టూ తిరగాల్సిందే.

అకౌంట్స్ విభాగం కోసం కొన్న కలర్ ప్రింటర్‌కు ఆ అంతస్తులో కూర్చున్న ప్రతి ఒక్కరూ ప్రింట్ ఇస్తున్నారు. హెచ్‌ఆర్ వారు ఇచ్చిన జీతాల పత్రాలు కింది అంతస్తు వరండాలోని ప్రింటర్‌లో బయటకు వచ్చాయి. వారు ప్రింటర్‌ను మార్చలేదు, డిఫాల్ట్ ప్రింటరే దానంతట అది మారిపోయింది. మరికొన్ని సిస్టమ్స్ నుంచి ప్రింట్ ఇస్తే, ట్రే నిండా ఏ4 కాగితం ఉన్నా, లెటర్ సైజు కాగితం పెట్టమని ప్రింటర్ తెరపై సూచన వచ్చి పని ఆగిపోతుంది, దాని వెనక ఉన్నవారి ప్రింట్లన్నీ నిలిచిపోతాయి.

ఇదంతా ఒకేచోటి నుంచి నడిపించాలనుకుంటున్నాను. గ్రూప్ పాలసీతో (డొమైన్‌లోని సిస్టమ్స్‌కు, యూజర్లకు సెట్టింగులను కేంద్రం నుంచి పంపే సదుపాయంతో) చేయవచ్చని తెలుసు గానీ, ఏది ముందు చేయాలో, ఏది ఏ చోట చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

గోదావరి_సర్వర్ (రాజమహేంద్రవరం)

సిస్టమ్స్_గది గారూ, మీరు చెప్పినవి మూడు వేర్వేరు విషయాలు. ప్రింటర్ ఎవరి సిస్టమ్‌లో కనిపించాలి అన్నది ఒకటి, దానికి ప్రింట్ ఇచ్చే హక్కు ఎవరికి ఉంది అన్నది ఇంకొకటి, ప్రింట్ ఏ కాగితంపై, ఏ రంగులో, ఒకవైపా రెండువైపులా రావాలి అన్నది మూడోది. మొదటిది గ్రూప్ పాలసీలో, రెండోది ప్రింట్ సర్వర్ (అందరి ప్రింట్లూ దాని గుండానే ప్రింటర్లకు వెళ్లే సిస్టమ్) మీది సెక్యూరిటీ ట్యాబ్‌లో, మూడోది ఆ సర్వర్‌లోనే ఉండే ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో తేలాలి. చాలా ఆఫీసుల్లో ఈ మూడింటినీ గ్రూప్ పాలసీ ఒక్కదానితోనే సాధించాలని చూస్తారు. పాలసీలో అకౌంట్స్ వారికి మాత్రమే ప్రింటర్ చూపించినంత మాత్రాన మిగిలినవారికి హక్కు పోయినట్టు కాదు. సర్వర్ పేరు తెలిసినవారు ఎవరైనా దాన్ని తమ సిస్టమ్‌లో కలుపుకోగలరు.

కాబట్టి ముందు ఒక ప్రింట్ సర్వర్ పెట్టండి. ఒక మామూలు వర్చువల్ మెషీన్ సరిపోతుంది, డొమైన్ కంట్రోలర్ (డొమైన్ ఖాతాలన్నింటినీ చూసే సర్వర్) మీద మాత్రం పెట్టవద్దు. ప్రింటర్లకు డీహెచ్‌సీపీలో (నెట్‌వర్క్ చిరునామాలు పంచే సర్వీసులో) చిరునామాలు రిజర్వ్ చేసి, సర్వర్‌లో ప్రతి ప్రింటర్‌నూ స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టుతోనే చేర్చండి. విండోస్ తనంతట తాను కనిపెట్టి చేర్చే డబ్ల్యూఎస్‌డీ పోర్టును సర్వర్‌పై ఉంచుకోకండి, చాలా చికాకులు అక్కడినుంచే వస్తాయి. టీసీపీ/ఐపీ పోర్టు కాన్ఫిగరేషన్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరం స్థితిని నెట్‌వర్క్ ద్వారా అడిగి తెలుసుకునే పద్ధతి) స్టేటస్ అనే టిక్ ఉంటుంది. ప్రింటర్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ ఆపేసి ఉన్నా, దాని కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డ్ లాంటిది) మార్చి ఉన్నా, ఆ టిక్ వల్ల బాగా పనిచేస్తున్న ప్రింటర్ కూడా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. రెండుచోట్లా పేరు ఒకటే ఉండేలా చూడండి, లేదంటే ఆ టిక్ తీసేయండి.

ఇక హక్కుల సంగతి. షేర్ చేసిన ప్రతి ప్రింటర్‌కూ మొదట ఎవ్రీవన్ అనే గ్రూపుకు ప్రింట్ అనుమతి ఉంటుంది. దాన్ని తీసేసి, ఒక్కో ప్రింటర్‌కు ఒక్కో సెక్యూరిటీ గ్రూపు తయారుచేసి, ఆ గ్రూపుకే ప్రింట్ అనుమతి ఇవ్వండి. విభాగాల గ్రూపులను ఈ ప్రింటర్ గ్రూపుల్లో సభ్యులుగా చేర్చితే, ఉద్యోగి విభాగం మారినప్పుడు ఒక్కచోట మార్చడం సరిపోతుంది. ఎవరి ప్రింట్‌ను వారు రద్దు చేసుకునే హక్కు క్రియేటర్ ఓనర్ ద్వారా ఉంటుంది, దాన్ని కదపకండి.

ఇంత చేసినా ఒక దారి మిగిలే ఉంటుంది. ప్రింటర్ ఐపీ తెలిసిన ఉద్యోగి 9100 పోర్టుకు నేరుగా ప్రింట్ పంపితే సర్వర్ అనుమతులు అక్కడ అక్కరకు రావు. ముందు తలుపుకు తాళం వేసి దొడ్డితలుపు తీసి ఉంచినట్టే. ప్రింటర్ వెబ్ పేజీలోని యాక్సెస్ కంట్రోల్ జాబితాలో ప్రింట్ సర్వర్ చిరునామాను మాత్రమే అనుమతించండి, లేదా ప్రింటర్లన్నింటినీ వేరే వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లోనే వేరుచేసిన భాగంలో) పెట్టి, సర్వర్ తప్ప మరెవరూ అక్కడికి చేరకుండా చూడండి. ఆ వెబ్ పేజీకి కంపెనీ వేసి పంపిన పాస్‌వర్డ్ అలాగే ఉంటే అదీ ఈరోజే మార్చండి.

విశాఖ_డెస్క్ (విశాఖపట్నం)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గ్రూప్ పాలసీ భాగం నేను చెబుతాను.

ప్రింటర్‌ను పాలసీ ద్వారా పంపడానికి రెండు దారులున్నాయి. ప్రింట్ మేనేజ్‌మెంట్‌లో ప్రింటర్ మీద రైట్ క్లిక్ చేసి ‘డిప్లాయ్ విత్ గ్రూప్ పాలసీ’ ఎంచుకోవడం పాత దారి. యూజర్ కాన్ఫిగరేషన్ కింద ప్రిఫరెన్సెస్‌లో, కంట్రోల్ ప్యానెల్ సెట్టింగ్స్‌లోని ప్రింటర్స్ రెండో దారి. మీకు రెండోదే తగినది, ఎందుకంటే అందులో ఐటెమ్ లెవెల్ టార్గెటింగ్ ఉంది. ఒకే పాలసీలో పదకొండు ప్రింటర్లనూ పెట్టి, ఇది ఈ గ్రూపు వారికి, అది ఫలానా ఐపీ శ్రేణిలోని సిస్టమ్స్‌కు అని ఒక్కోదానికి షరతు పెట్టవచ్చు.

అక్కడ క్రియేట్, రీప్లేస్, అప్‌డేట్, డిలీట్ అనే నాలుగు చర్యలుంటాయి. ఇంటర్నెట్‌లో చాలామంది రీప్లేస్ పెట్టమంటారు. నా గట్టి సలహా, పెట్టవద్దు. రీప్లేస్ అంటే పాలసీ రిఫ్రెష్ అయిన ప్రతిసారీ ప్రింటర్‌ను తీసేసి మళ్లీ చేర్చడం. రిఫ్రెష్ ప్రతి 90 నిమిషాలకు, దానిపై అరగంట వరకు అదనపు ఆలస్యంతో, రోజంతా జరుగుతూనే ఉంటుంది. ఆ క్షణంలో ఎవరైనా ఎక్సెల్‌లో ప్రింట్ విండో తెరిచి ఉంటే ప్రింటర్ కళ్లముందే మాయమవుతుంది, వారు పెట్టుకున్న సొంత సెట్టింగులూ పోతాయి. లాగిన్ ఆలస్యమవుతోందని వచ్చే ఫిర్యాదులలో కూడా దీని పాత్ర ఎక్కువ. అప్‌డేట్ పెట్టండి.

గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. కామన్ ట్యాబ్‌లో ‘రిమూవ్ దిస్ ఐటెమ్ వెన్ ఇట్ ఈజ్ నో లాంగర్ అప్లైడ్’ అనే టిక్ పెట్టగానే విండోస్ మీ అప్‌డేట్‌ను రీప్లేస్‌గా మార్చేస్తుంది. విభాగం మారినవారి సిస్టమ్ నుంచి పాత ప్రింటర్ పోవాలంటే ఆ టిక్ బదులు, అదే ప్రింటర్‌కు డిలీట్ చర్యతో ఇంకో ఐటెమ్ చేర్చి, ‘ఈ గ్రూపులో సభ్యుడు కానివారికి’ అని షరతు పెట్టండి. గ్రూపు మార్పు ఉద్యోగి మళ్లీ లాగిన్ అయ్యాకే తెలుస్తుంది కాబట్టి, లాక్ చేసి తీయడం కాకుండా పూర్తిగా సైన్ అవుట్ అవ్వమని చెప్పాలి.

పాలసీని సెక్యూరిటీ ఫిల్టరింగ్‌తో ఒక గ్రూపుకే పరిమితం చేస్తే ఇంకో జాగ్రత్త కూడా అవసరం. 2016 జూన్‌లో వచ్చిన ఎంఎస్16-072 అప్‌డేట్ తర్వాత, యూజర్ పాలసీని కూడా కంప్యూటర్ ఖాతానే చదివి తెస్తుంది. ఆథెంటికేటెడ్ యూజర్స్‌ను (డొమైన్ ఖాతాలన్నీ ఉండే గ్రూపును) జాబితా నుంచి తీసేసి, డొమైన్ కంప్యూటర్స్‌కు చదివే హక్కు ఇవ్వకపోతే ఆ పాలసీ ఎవరికీ వర్తించదు, ఎర్రర్ కూడా కనిపించదు.

సిస్టమ్స్_గది (హైదరాబాద్)

ఇద్దరికీ కృతజ్ఞతలు. సర్వర్ సిద్ధమైంది, రెండు ప్రింటర్లతో పరీక్షించాను. సాధారణ యూజర్‌గా లాగిన్ అయితే ప్రింటర్ చేరడం లేదు. చేత్తో కలపబోతే డ్రైవర్ కోసం అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఒక రిజిస్ట్రీ విలువను సున్నా చేస్తే సరిపోతుందని ఒకచోట చదివాను. చేయవచ్చా?

రక్షణ_ముందు (బెంగళూరు)

దయచేసి చేయవద్దు. ఆ విలువ పేరు ‘రిస్ట్రిక్ట్ డ్రైవర్ ఇన్‌స్టలేషన్ టు అడ్మినిస్ట్రేటర్స్’. అది ఎందుకు వచ్చిందో తెలిస్తే ఎవరూ దాన్ని సున్నా చేయరు.

2021లో ప్రింట్‌నైట్‌మేర్ అని పేరుపడిన లోపం, సీవీఈ-2021-34527, బయటపడింది. ప్రింట్ స్పూలర్ (ప్రింట్లను వరుసలో పెట్టి పంపే విండోస్ సర్వీసు) ‘సిస్టమ్’ అనే ఖాతా హక్కులతో నడుస్తుంది. డ్రైవర్ చేర్చే పనిని అడ్డుపెట్టుకుని, మామూలు ఖాతా ఉన్నవారు కూడా తమ ఫైలును ఆ అత్యున్నత హక్కులతో నడిపించగలిగారు. డొమైన్ కంట్రోలర్‌పై స్పూలర్ నడుస్తుంటే మొత్తం డొమైనే వారి చేతిలోకి పోతుంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ దాకా ఆగకుండా జూలై 6న ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆగస్టు 10 అప్‌డేట్‌తో అడ్మిన్ హక్కులు లేనివారు పాయింట్ అండ్ ప్రింట్ (ప్రింటర్ కలపగానే సర్వర్ నుంచి డ్రైవర్ వచ్చే పద్ధతి) ద్వారా డ్రైవర్ వేసుకోలేని విధంగా అసలు డిఫాల్ట్‌నే మార్చింది. మీరు చూస్తున్న పాస్‌వర్డ్ ప్రశ్న ఆ మార్పు ఫలితమే. దాన్ని సున్నా చేస్తే 150 సిస్టమ్స్‌లోనూ ఆ ద్వారం తిరిగి తెరుచుకుంటుంది.

డ్రైవర్‌ను యూజర్ చేత వేయించే అవసరమే రాకుండా చూడటం సరైన మార్గం. సర్వర్‌లో ఉన్న డ్రైవర్‌నే, అదే వెర్షన్‌ను, ముందుగా అన్ని సిస్టమ్స్‌లో పెట్టండి. కంప్యూటర్ స్టార్టప్ స్క్రిప్ట్ సిస్టమ్ ఖాతాతో నడుస్తుంది కాబట్టి, అందులో పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ ఆదేశంతో డ్రైవర్‌ను డ్రైవర్ స్టోర్‌లో చేర్చి, పవర్‌షెల్‌లోని యాడ్-ప్రింటర్‌డ్రైవర్‌తో ఇన్‌స్టాల్ చేయవచ్చు. సిస్టమ్‌లో, సర్వర్‌లో ఉన్నవి ఒకే డ్రైవర్ అయితే యూజర్‌కు ఏ ప్రశ్నా రాదు. సర్వర్‌లో డ్రైవర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే రోజున ముందు సిస్టమ్స్‌కు పంపి, ఆ తర్వాతే సర్వర్‌ను ముట్టుకోండి. వరుస తిరగబడితే మర్నాడు ఉదయం అందరికీ పాస్‌వర్డ్ ప్రశ్న వస్తుంది. పదకొండు ప్రింటర్లకు పదకొండు డ్రైవర్లు అక్కర్లేదు, ఒకే కంపెనీ ప్రింటర్లకు ఆ కంపెనీ యూనివర్సల్ డ్రైవర్ ఒకటి సరిపోతుంది.

దీనితో పాటు ‘ప్యాకేజ్ పాయింట్ అండ్ ప్రింట్ – అప్రూవ్డ్ సర్వర్స్’ పాలసీలో మీ ప్రింట్ సర్వర్ పేరు ఒక్కటే ఇవ్వండి. డొమైన్ కంట్రోలర్లలో స్పూలర్ సర్వీసును ఆపేసి డిసేబుల్ చేయండి. కలిపేటప్పుడు చివర 11బి అని ఎర్రర్ వస్తే, దానికి కూడా రిజిస్ట్రీలో ఆర్‌పీసీ (సిస్టమ్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) రక్షణను ఆపేయమనే సలహాలే కనిపిస్తాయి. అది సర్వర్, సిస్టమ్ ఒకే స్థాయి అప్‌డేట్లలో లేవని చెప్పే గుర్తు, రెండింటినీ అప్‌డేట్ చేయండి.

సిస్టమ్స్_గది (హైదరాబాద్)

స్టార్టప్ స్క్రిప్ట్ పనిచేసింది, పాస్‌వర్డ్ ప్రశ్న ఆగిపోయింది. మొదటి రెండు అంతస్తులూ పూర్తయ్యాయి. మూడో అంతస్తు వేరే వీల్యాన్‌లో ఉంది, మధ్యలో ఫైర్‌వాల్ ఉంది. అక్కడి విండోస్ 10 సిస్టమ్స్‌కు ప్రింటర్లు వచ్చాయి, విండోస్ 11 సిస్టమ్స్‌కు మాత్రం రావడం లేదు. సర్వర్ షేర్ తెరుచుకుంటోంది, ప్రింటర్ కలపబోతే చాలాసేపు ఆగి విఫలమవుతోంది. డిఫాల్ట్ ప్రింటర్, లెటర్ కాగితం సమస్యలు కూడా ఇంకా అలాగే ఉన్నాయి.

విశాఖ_డెస్క్ (విశాఖపట్నం)

మూడో అంతస్తు లక్షణాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. విండోస్ 11 22హెచ్2 నుంచి సిస్టమ్‌కూ ప్రింట్ సర్వర్‌కూ మధ్య సంభాషణ నేమ్డ్ పైప్స్‌పై (ఫైల్ షేరింగ్ వాడే దారిపై) కాకుండా డిఫాల్ట్‌గా ఆర్‌పీసీ ఓవర్ టీసీపీపై జరుగుతుంది. పాత పద్ధతికి ఫైర్‌వాల్‌లో 445 తెరిచి ఉంటే చాలు, అందుకే విండోస్ 10 వారికీ, షేర్ తెరవడానికీ ఇబ్బంది లేదు. కొత్త పద్ధతికి 135తో పాటు 49152 నుంచి 65535 వరకు ఉన్న డైనమిక్ పోర్టులు కావాలి. అంత శ్రేణి తెరవడం మీ ఫైర్‌వాల్ చూసేవారికి ఇష్టం లేకపోతే, ప్రింటర్ పాలసీల్లో ‘కాన్ఫిగర్ ఆర్‌పీసీ ఓవర్ టీసీపీ పోర్ట్’ అని ఉంటుంది, దానితో ఒకే పోర్టును స్థిరపరచి, 135తో పాటు దాన్ని తెరిపించండి. తిరిగి నేమ్డ్ పైప్స్‌కు మార్చే పాలసీ కూడా ఉంది గానీ, కొత్తగా కడుతున్న వ్యవస్థలో వెనకటి పద్ధతిని పట్టుకోవడం నాకు సమంజసం అనిపించదు.

గోదావరి_సర్వర్ (రాజమహేంద్రవరం)

డిఫాల్ట్ ప్రింటర్ మారిపోవడం విండోస్ 10 కాలం నుంచి ఉన్న సమస్యే. ‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ అన్నది పెట్టి ఉంటే, చివరిసారి ఏ ప్రింటర్ వాడారో అదే డిఫాల్ట్ అయిపోతుంది. హెచ్‌ఆర్ వారు ఒక్కసారి వరండా ప్రింటర్‌కు ఏదో మామూలు కాగితం పంపి ఉంటారు, తర్వాత ఇచ్చిన జీతాల పత్రాలు అక్కడికే వెళ్లాయి. యూజర్ కాన్ఫిగరేషన్‌లో, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్ కింద, కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రింటర్స్‌లో ‘టర్న్ ఆఫ్ విండోస్ డిఫాల్ట్ ప్రింటర్ మేనేజ్‌మెంట్’ను ఎనేబుల్ చేయండి. ఆ తర్వాత ప్రిఫరెన్సెస్‌లో విభాగానికి ఒక ప్రింటర్‌ను డిఫాల్ట్‌గా పెట్టండి. ఒకరి జీతం వివరాలు మరొకరి కంటపడటం చిన్న విషయం కాదు కాబట్టి, హెచ్‌ఆర్ ప్రింటర్‌కు పిన్ కొట్టాకే కాగితం బయటకు వచ్చే ఏర్పాటు డ్రైవర్‌లో ఉంటే దాన్ని కూడా వాడమంటాను.

లెటర్ కాగితం సమస్యకు కారణం సిస్టమ్స్‌లోని ప్రాంతీయ సెట్టింగు. విండోస్ వేసినప్పుడు యునైటెడ్ స్టేట్స్ అని వదిలేసిన సిస్టమ్‌లో ప్రింటర్‌ను చేర్చితే, డ్రైవర్ డిఫాల్ట్ కాగితం లెటర్ అవుతుంది. ఏ4 కన్నా అది కాస్త వెడల్పు, పొడవు తక్కువ. ప్రింటర్ ఆ తేడాను గుర్తించి ఆగుతుంది. సర్వర్ నుంచి ప్రింటర్ వచ్చినప్పుడు సర్వర్‌లో పెట్టిన విలువలే సిస్టమ్‌కు వస్తాయి కాబట్టి ఏ4ను అక్కడ ఒక్కసారి పెడితే చాలు. అయితే ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచినప్పుడు జనరల్ ట్యాబ్‌లో కనిపించే ప్రిఫరెన్సెస్ బటన్, సర్వర్‌లో లాగిన్ అయిన మీ ఒక్కరి సెట్టింగులను మార్చుతుంది. అందరికీ వర్తించేది అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని ప్రింటింగ్ డిఫాల్ట్స్. రెండూ చూడటానికి అచ్చు ఒకేలా ఉండే విండోలు కావడంతో, మొదటిదాంట్లో మార్చి, పనిచేయలేదని వదిలేసేవారిని చాలామందిని చూశాను. డివైస్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో ఏ ట్రేలో ఏ కాగితమో చెప్పడం, రెండువైపులా ముద్రించే డ్యూప్లెక్స్ యూనిట్ ఉందని టిక్ చేయడం కూడా అప్పుడే పూర్తిచేయండి. ఆ టిక్ లేకపోతే డ్యూప్లెక్స్ ఎంపికే యూజర్లకు కనిపించదు.

ప్రింటింగ్ డిఫాల్ట్స్ ఆరంభ విలువలు మాత్రమే, యూజర్ తన సిస్టమ్‌లో కలర్‌కు మార్చుకుంటే సర్వర్ ఆపదు. కలర్‌ను నిజంగా కట్టడి చేయాలంటే ఒకే ప్రింటర్‌కు సర్వర్‌లో రెండు పేర్లతో రెండు క్యూలు (ప్రింట్ వరుసలు) పెట్టండి. నలుపు-తెలుపు క్యూ అందరికీ, కలర్ క్యూ అకౌంట్స్ గ్రూపుకు. మొదటి క్యూ నుంచి కలర్ రాకుండా డ్రైవర్‌లోని లేదా ప్రింటర్ వెబ్ పేజీలోని కలర్ నియంత్రణతో తాళం వేయాలి. ఈ సదుపాయం ఏ మోడల్‌లో ఏ పేరుతో ఉందో చూసుకోవాల్సి ఉంటుంది.

కాగితం_తెలుగు (గుంటూరు)

ఇదే సందర్భంలో ఒక చిన్న సూచన. మా దగ్గర తెలుగు ఉత్తరాలు ప్రింట్ తీస్తే, తెరపై చక్కగా ఉన్న ఒత్తులు కాగితంపై పక్కకు జరిగి వచ్చేవి. పీసీఎల్ 6 డ్రైవర్‌లో ట్రూటైప్ ఫాంట్లను బిట్‌మ్యాప్‌గా (బొమ్మ రూపంలో) పంపే ఎంపికను పెట్టాక సరిగా వస్తున్నాయి. దాన్ని కూడా ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లోనే పెట్టాం, అన్ని సిస్టమ్స్‌కూ ఒకేసారి వెళ్లింది. ప్రింట్ కొంచెం నెమ్మదిస్తుంది, తెలుగులో ఎక్కువ పని ఉండే ఆఫీసులకు మాత్రం ఉపయోగకరం.

లైనక్స్_లోగిలి (వరంగల్)

లైనక్స్ సిస్టమ్స్ ఉన్నవారి కోసం క్లుప్తంగా రాస్తున్నాను. కప్స్ (లైనక్స్‌లో ప్రింటింగ్ వ్యవస్థ) సర్వర్ ఒకటి పెట్టి, మిగతా సిస్టమ్స్‌లో క్లయింట్.కాన్ఫ్ ఫైల్లో ఆ సర్వర్ పేరు రాస్తే ప్రింటర్లన్నీ అక్కడినుంచే వస్తాయి. ఎవరికి అనుమతి అన్నది ఎల్‌పీఅడ్మిన్ ఆదేశంలో యూజర్ల, గ్రూపుల పేర్లతో చెప్పవచ్చు. కానీ కప్స్ మామూలుగా క్లయింట్ చెప్పిన యూజర్ పేరునే నమ్ముతుంది. ఆ ప్రింటర్‌కు ఆథెంటికేటెడ్ పాలసీ పెట్టి, పాస్‌వర్డ్ అడిగేలా చేయకపోతే ఆ జాబితాకు విలువ లేదు. 2024 సెప్టెంబరులో, నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను తనంతట తాను కనిపెట్టే కప్స్-బ్రౌజ్డ్‌లో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. ప్రింటర్లను మీరే కేంద్రం నుంచి పంపుతున్నప్పుడు ఆ సర్వీసు అవసరమే లేదు, ఆపేయండి.

డాలస్_ప్రవాసి (డాలస్)

ఇంత కష్టం ఎందుకని మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ప్రింటింగ్ సేవ యూనివర్సల్ ప్రింట్ గురించి ఎవరూ ప్రస్తావించలేదు. 2021 మార్చి నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ప్రింట్ సర్వర్ అక్కర్లేదు, సిస్టమ్స్‌కు డ్రైవర్ అక్కర్లేదు, అనుమతులు ఎంట్రా ఐడీ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ఖాతాల సేవ) గ్రూపులతో, పంపిణీ ఇన్‌ట్యూన్‌తో (సిస్టమ్స్‌ను క్లౌడ్ నుంచి నిర్వహించే సేవతో) జరిగిపోతాయి. మా ఉద్యోగులు సగం మంది ఇళ్లనుంచి పనిచేస్తారు, మాకు ఇదే సరిపోయింది.

రక్షణ_ముందు (బెంగళూరు)

మీ పరిస్థితిలో అది సరైనదే. దాన్ని నేరుగా అర్థం చేసుకోలేని పాత ప్రింటర్లకు కనెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక విండోస్ సిస్టమ్‌పై నడపాలి, ఆ సిస్టమ్‌లో డ్రైవర్ ఉండాలి. ప్రతి లైసెన్సుతో వచ్చే ప్రింట్లకు నెలవారీ పరిమితి కూడా ఉంటుంది. ఒకే భవనంలో, డొమైన్‌లో ఉన్న 150 సిస్టమ్స్‌కు, ఇంటర్నెట్ పోయినా ప్రింట్ ఆగకూడదనుకునే ఆఫీసుకు నేను సొంత సర్వర్‌నే ఎంచుకుంటాను.

మీరు చెప్పిన దిశ మాత్రం నిజం. తయారీదారుల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందించడాన్ని దశలవారీగా ముగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. విండోస్ 11 24హెచ్2లో విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ అనే విధానం వచ్చింది. దాన్ని పెడితే తయారీదారుల డ్రైవర్లు పనిచేయవు, విండోస్‌లోనే ఉన్న ఐపీపీ (అన్ని కంపెనీలకూ ఉమ్మడి ప్రింటింగ్ ప్రమాణం) డ్రైవర్‌తో మాప్రియా (ప్రింటింగ్ ప్రమాణాల కూటమి) ధ్రువీకరణ ఉన్న ప్రింటర్లు మాత్రమే నడుస్తాయి. సిస్టమ్స్_గది గారు ఇప్పుడే దాన్ని పెట్టవద్దు. కొత్త ప్రింటర్ కొనేటప్పుడు మాత్రం మాప్రియా ఉందో లేదో కొటేషన్‌లోనే రాయించుకోవాలి.

సిస్టమ్స్_గది (హైదరాబాద్)

పోర్టు స్థిరపరచి ఫైర్‌వాల్‌లో తెరిపించాక మూడో అంతస్తుకూ ప్రింటర్లు వచ్చాయి. ఏ4 సర్వర్‌లో పెట్టాక లెటర్ ఫిర్యాదు రాలేదు. రెండు ప్రశ్నలు మిగిలాయి. సిస్టమ్స్‌లో పాత ఐపీ ప్రింటర్లు అలాగే ఉన్నాయి, ఒకే ప్రింటర్ రెండుసార్లు కనిపించి అందరూ అయోమయపడుతున్నారు. ఎవరు ఎన్ని పేజీలు తీస్తున్నారో యాజమాన్యం అడుగుతోంది, దీనికి వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా?

విశాఖ_డెస్క్ (విశాఖపట్నం)

పాత ప్రింటర్లు సిస్టమ్ మొత్తానికి చెందినవి కాబట్టి యూజర్ పాలసీతో పోవు. డ్రైవర్ పంపిన స్టార్టప్ స్క్రిప్ట్‌లోనే, లోకల్ ప్రింటర్లలో మీ పదకొండు ఐపీ చిరునామాల పోర్టులపై ఉన్నవాటిని మాత్రమే వెతికి, రిమూవ్-ప్రింటర్‌తో తీసేయండి. అన్ని లోకల్ ప్రింటర్లనూ తీసేస్తే పీడీఎఫ్ ప్రింటర్, ఎవరి టేబుల్‌పైనో యూఎస్‌బీతో ఉన్న లేబుల్ ప్రింటర్ కూడా పోతాయి. ఇది అయ్యాకే ప్రింటర్ యాక్సెస్ జాబితాలో సర్వర్‌ను మాత్రమే ఉంచండి. ముందే చేస్తే పాత పేరుకు ఇచ్చిన ప్రింట్లన్నీ ఎటూ వెళ్లకుండా నిలిచిపోతాయి.

పేజీల లెక్కకు ఇప్పుడే ఏమీ కొనవద్దు. సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ప్రింట్ సర్వీస్ కింద ఉన్న ఆపరేషనల్ లాగ్‌ను ఎనేబుల్ చేయండి. మొదట అది ఆపి ఉంటుంది. పూర్తయిన ప్రతి ప్రింట్‌కూ 307 సంఖ్యతో ఒక నమోదు పడుతుంది. యూజర్, సిస్టమ్, ప్రింటర్, పేజీల సంఖ్య అందులో ఉంటాయి. లాగ్ పరిమాణాన్ని పెంచి, నెలకోసారి పవర్‌షెల్‌తో బయటకు తీస్తే యాజమాన్యానికి కావలసిన పట్టిక వస్తుంది. పత్రాల పేర్లు కూడా నమోదయ్యేలా చేసే పాలసీ వేరుగా ఉంది. ఎవరి వైద్య సెలవు పత్రమో, రాజీనామా లేఖో ఆ పేర్లలోనే తెలిసిపోతుంది కనుక, లిఖితపూర్వకంగా అడిగితే తప్ప దాన్ని పెట్టకండి.

గోదావరి_సర్వర్ (రాజమహేంద్రవరం)

పాతవి తీసే ముందు సర్వర్‌లో ప్రింట్ మేనేజ్‌మెంట్ నుంచి ‘ఎక్స్‌పోర్ట్ ప్రింటర్స్ టు ఎ ఫైల్’ ఇచ్చి, ఆ ఫైలును వేరేచోట దాచండి. క్యూలు, పోర్టులు, డ్రైవర్లు, మీరు పెట్టిన అనుమతులు అన్నీ అందులో ఉంటాయి, సర్వర్ పోయినా కొత్తదానిలోకి తిరిగి తెచ్చుకోవచ్చు. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ కొత్త ఫైలు తీయండి.